గోడ మీది నీటి గీత

మొంథా తుఫాను 2025 అక్టోబర్ 28 రాత్రి నరసాపురం దగ్గర తీరం దాటింది. టీవీలో ఆ వార్త చూసి వరంగల్, హనుమకొండల్లో చాలామంది ఇక గండం గడిచిందనుకున్నారు. తుఫానంటే సముద్రం పక్కనున్న వాళ్ల కష్టం అన్నది మన పాత లెక్క. మరునాటి వాన ఆ లెక్కను తప్పు చేసింది. హనుమకొండ జిల్లా భీమదేవరపల్లిలో 41 సెంటీమీటర్లకు పైగా కురిసింది. రాత్రి అయ్యేసరికి సముద్రానికి 200 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉన్న నగరంలో జనం డాబాలెక్కి పడవల కోసం ఎదురుచూశారు.

తీరం దాటిన తుఫానుకు సముద్రం నుంచి అందే బలం ఆగిపోతుంది. అందుకే గాలి తగ్గుతుంది. మబ్బులో ఉన్న నీళ్లు మాత్రం ఎక్కడికీ పోవు, అవి కురవాల్సిందే. కాకినాడలో పైకప్పు గురించి భయపడితే, ఇక్కడ గడప గురించి భయపడాలి. పైగా మనది చెరువుల మీద పెరిగిన ఊరు. కాకతీయుల నాటి నుంచి గొలుసుకట్టుగా ఉన్న చెరువుల్లో ఒకటి నిండి మత్తడి దుంకితే ఆ నీళ్లు కింది కుంటలోకి చేరేవి. ఆ కుంటల శిఖం భూములు, అంటే నీళ్లు నిలిచే నేల, చాలావరకు ఇప్పుడు కాలనీలయ్యాయి. నీళ్లు మాత్రం పాత దారినే వస్తున్నాయి. 2020 ఆగస్టులో వచ్చాయి, 2023 జులైలో వచ్చాయి, మొంథాతో మళ్లీ వచ్చాయి. నయీంనగర్ నాలాను వెడల్పు చేసి కొత్త బ్రిడ్జి కట్టారు, మంచి పనే. అయినా హంటర్ రోడ్డు, ఎన్టీఆర్ నగర్, సమ్మయ్యనగర్ వాసులు మొంథా అప్పుడు కూడా మోకాలి లోతు నీళ్లలోనే సామాన్లు మోసుకున్నారు.

ఇల్లు మునిగితే పోయేదేమిటో మునిగినవాళ్లకే తెలుసు. ముందు సంపు పోతుంది. మూత నేల మట్టానికే ఉంటుంది కాబట్టి మోరీ నీళ్లన్నీ అందులో దిగుతాయి. చుట్టూ నీళ్లే ఉన్నా తాగడానికి చుక్క ఉండదు. తర్వాత మోటారు, ఫ్రిజ్ అడుగు, ఇన్వర్టర్ బ్యాటరీ. కిందే పెట్టిన బియ్యం సంచులు. పిల్లల సర్టిఫికెట్లు ఉన్న బీరువా అడుగు అర. మునిగిన ఒక్కో ఇంటికి 15 వేల రూపాయలు ఇస్తామని ముఖ్యమంత్రి ప్రకటించారు. కాదనం. కానీ తడిసిన పరుపులు, దివాన్ కలిపి లెక్కేసినా ఆ డబ్బు అక్కడికే సరిపోతుంది.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పుకోవాలి. వరంగల్ పిల్లలు చాలామంది ఇప్పుడు హ్యూస్టన్‌లోనో ఫ్లోరిడాలోనో ఇళ్లు కొంటున్నారు. అక్కడ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా హరికేన్ సీజన్. ఇల్లు నచ్చగానే వాళ్లు చూసేది ఆ స్థలం ఏ వరద జోన్‌లో ఉందనే. ఆ మ్యాపులు ప్రభుత్వమే అందరికీ అందుబాటులో పెట్టింది. ముప్పు ఎక్కువున్న జోన్‌లో అయితే వరద బీమా లేనిదే మామూలుగా బ్యాంకు లోన్ ఇవ్వదు. అదే పిల్లల డబ్బుతో తల్లిదండ్రులు ఇక్కడ ప్లాటు కొనేటప్పుడు చూసేది వాస్తు. ఈశాన్యం పల్లంగా ఉందా లేదా అని టేపు పట్టి కొలుస్తారు. మొత్తం కాలనీయే చెరువుకు ఈశాన్యమో నైరుతో ఎవరూ అడగరు.

బీమా సంగతైతే మరీ వింత. అమెరికాలో మామూలు ఇంటి పాలసీ వరదకు వర్తించదు, దానికి వేరే పాలసీ తీసుకోవాలి. తీసుకున్నాక కూడా అది అమల్లోకి రావడానికి మామూలుగా 30 రోజులు ఆగాలి. మన దేశంలో 2021 ఏప్రిల్ నుంచి అన్ని కంపెనీలూ అమ్ముతున్న భారత్ గృహ రక్ష పాలసీలో తుఫాను, వరద రెండూ మొదటి నుంచే ఉన్నాయి. ఇంట్లో సామాన్లకు కూడా బీమా మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల దాకా వర్తిస్తుంది. అయినా తీసుకున్నవాళ్లను వెతుక్కోవాలి. హోమ్ లోన్ ఉన్నవాళ్లు బ్యాంకు ఏదో చేయించిందిలే అనుకుంటారు. ఆ కాగితం ఒకసారి తీసి చదవండి. అది గోడలకే ఉందా, లోపలి సామాన్లకూ ఉందా? నీళ్లు తీయగానే ఇల్లు కడిగేయడం మన అలవాటు. బీమా ఉన్నవాళ్లు ముందు ఫొటోలు తీయాలి, కంపెనీకి చెప్పాలి, కడగడం ఆ తర్వాతే. మునిగిన కారు, బండి స్టార్ట్ చేసి చూడకూడదు. నీళ్లు చేరిన ఇంజన్ అలా పాడైతే మామూలు పాలసీలో డబ్బు రావడం కష్టం.

ఇంటి యజమాని తన జాగ్రత్తలో తానుండాలి, ఒప్పుకుంటాం. అయితే 30 ఏళ్ల సంపాదన పెట్టి గజాల లెక్కన కొన్నవాడికి ఆ స్థలం ఎంత లోతున మునుగుతుందో చెప్పాల్సింది ఎవరు? అమ్మినవాడు చెప్పడు. రిజిస్ట్రేషన్ కాగితంలో ఉండదు. 2020 నుంచి ఇప్పటికి మూడుసార్లు ఏ వీధిలో ఎంత నీరు నిలిచిందో అధికారులకు తెలుసు, పడవలు పంపింది వాళ్లే. ఆ వివరాలు మ్యాపుగా బయట పెట్టాలి. వీధి మొదట్లో ఉన్న కరెంటు స్తంభం మీద నీటి మట్టం గీత గీసి తేదీ రాయాలి. ఇంటి పర్మిషన్ ఇచ్చేటప్పుడు పునాది ఆ గీత కంటే పైన ఉండాలని షరతు పెట్టాలి. దీనికి కోట్లు అక్కర్లేదు, రంగు డబ్బా చాలు.

గీత గీస్తే స్థలాల రేట్లు పడిపోతాయని గొడవ చేసేవాళ్లు ఉంటారు. పడనివ్వండి. ఇప్పటి రేటు నీళ్ల సంగతి దాచిపెట్టి చెప్పిన రేటు.

అధికారులు కదిలేదాకా ఒక పని మనమే చేయొచ్చు. పండక్కి ఇంటికి రంగులు వేయించేవాళ్లు గోడ మీద నీటి మరక మాయం కాకముందే, గేటు పక్కన అదే ఎత్తులో ఒక మేకు కొట్టి ఉంచండి.