ముల్కనూరు నిలిచింది సర్కారు సొమ్ముతో కాదు

సహకార సంఘాల మీద ఢిల్లీకి మళ్లీ ప్రేమ పుట్టింది. 2021లో కొత్త శాఖ పెట్టారు, మరుసటి ఏడాదే 63 వేల ప్యాక్స్‌ల (ఊళ్లలో రైతులకు అప్పులిచ్చే ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘాల) కంప్యూటరీకరణకు రూ.2,516 కోట్లు ప్రకటించారు. కంప్యూటర్లు పెట్టుకోవచ్చు, తప్పులేదు. సంఘాన్ని నిలబెట్టేది మాత్రం అవి కావు.

భీమదేవరపల్లి మండలం ముల్కనూరులో 1956లో ఆలూరి విశ్వనాథరెడ్డి చొరవతో పుట్టిన సంఘాన్నే చూడండి. ఎరువుకు అప్పిచ్చేదీ, పంట కొనేదీ ఒకే సంఘం. పంట సొమ్ములోంచి బాకీ పట్టుకుని మిగతాది రైతు చేతిలో పెడుతుంది. అప్పిచ్చిన అడ్తిదారు చెప్పిన ధరకే ధాన్యం తూచే ఖర్మ అక్కడ తప్పింది. వసూలుకు ఇంటింటికీ తిరగక్కర్లేదు. మామూలు ప్యాక్స్ అప్పు దగ్గరే ఆగిపోతుంది, పంట వేరే దారిన పోతుంది. ఆపై ఎన్నికలకో మాఫీ హామీ వస్తే కట్టేవాడు కూడా ఆగి చూస్తాడు.

అదే ఊళ్లో 2000లో మహిళలు డెయిరీ పెట్టుకున్నారు. పాలకు ధర ఫ్యాట్‌ను, అంటే వెన్న శాతాన్ని, బట్టే కాబట్టి ఏ పాల కేంద్రంలోనైనా తగాదా శాంపిల్ దగ్గరే. కాసేపు నిలవుంచిన పాలలో వెన్న పైకి తేలుతుంది. గరిటెతో అడుగుదాకా కలపకుండా పైపైన ముంచితే ఫ్యాట్ ఎక్కువ చూపి సంఘం నష్టపోతుంది. అడుగు నుంచి తీస్తే తక్కువ చూపి పాలు పోసినావిడ నష్టపోతుంది. నీళ్లు కలిపితే లాక్టోమీటర్ రీడింగ్ పడిపోతుంది. ఈ డెయిరీ నడిచే 1995 మ్యాక్స్ చట్టం (పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం) కింద, నష్టాన్ని వాడకాన్ని బట్టి సభ్యులే పంచుకోవాలి. పక్కావిడ పాలలో నీళ్లు తన జేబుకు చిల్లు కాబట్టే ఆ గరిటె మీద అందరి కళ్లూ ఉంటాయి. ఏ ఇన్‌స్పెక్టరు పెట్టగలడు ఇంత నిఘా?

సర్కారు తప్పుకుంటే ఊరి పెద్దలు సంఘాన్ని మింగేస్తారంటారు. అలా మింగిన చోట్లు ఉన్నాయి, కాదనను. దానికి మందు ఏటేటా ఆడిట్, సర్వసభ్య సమావేశం. ఎన్నికైన పాలకవర్గం బదులు సర్కారు నియమించే పర్సన్ ఇన్‌చార్జిని కుర్చీలో కూర్చోబెట్టడం కాదు.

అసలు పేచీ పెత్తనంలో ఉంది. 2006లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ సర్కారు చట్టం సవరించి, పాల సంఘాలను మ్యాక్స్ నుంచి పీకి, సర్కారు అజమాయిషీ ఉండే పాత 1964 సహకార చట్టం కింద పడేసింది. అదీ 1995 నుంచే వర్తించేలా! హైకోర్టు కొట్టేసింది, 2011లో సుప్రీంకోర్టూ ఆ తీర్పునే నిలబెట్టింది. అయినా ఆ బుద్ధి పోయిందా? మ్యాక్స్ సంఘంలో గడువులోగా ఎన్నిక జరపని డైరెక్టర్ల మీద అనర్హత వేటు పడుతుంది. ప్యాక్స్‌లకైతే ఎన్నికలు వాయిదా వేసేది సర్కారే.