టీటీ బైకు క్రాంక్‌సెట్: ముందు పొడవు, ఆ తర్వాతే పళ్ళు

ఒంటరిగా గడియారంతో పోటీపడే టైమ్ ట్రయల్ (టీటీ) రేసుల బైకుకు ఏ క్రాంక్‌సెట్ (పెడళ్ళు బిగించే క్రాంక్ ఆర్మ్‌లు, వాటితో తిరిగే పళ్ళ చైన్‌రింగులు) కొనాలని ఎవరైనా అడిగితే, మన సైక్లింగ్ వాట్సాప్ గ్రూపుల్లో మొదట వచ్చే జవాబు బ్రాండు పేరు, రెండోది గ్రాముల లెక్క, మూడోది ఫలానా ప్రొఫెషనల్ రైడర్ ఎన్ని పళ్ళ చైన్‌రింగ్ వాడుతున్నాడన్న కబురు. క్రాంక్ ఆర్మ్ పొడవు ఎంత ఉండాలన్న ప్రశ్న చివరిదాకా రానే రాదు. వచ్చినా, బైకుతో ఏది వస్తే అదే సరిపోతుందని తేల్చేస్తారు. ఈ వరుసను తలకిందులు చేస్తే తప్ప డబ్బు వృథా కావడం ఆగదని నా అభిప్రాయం.

మామూలు రోడ్డు బైకు మీద పొడవు కొంచెం అటూ ఇటూ అయినా శరీరం సర్దుకుంటుంది, ఎందుకంటే నడుము పైభాగం అంతగా వంగి ఉండదు. టీటీ బైకు మీద మోచేతులు ఏరో బార్ల (ముందుకు సాగిన హ్యాండిల్ కడ్డీల) ప్యాడ్ల మీద ఆనించి, వీపును నేలకు సమాంతరంగా ఉంచి, గంటసేపు అదే భంగిమలో తొక్కాలి. పెడల్ పైకొచ్చిన ప్రతిసారీ తొడకూ మొండేనికీ మధ్య ఉన్న చోటు మూసుకుపోతుంది. బైకును ఉన్నచోటే తొక్కే ట్రైనర్ స్టాండు మీద పెట్టి, ఫోన్‌తో పక్క నుంచీ ఎదుటి నుంచీ వీడియో తీసి, నెమ్మదిగా నడిపి చూడండి. తొడ పొట్టకు తగులుతుంటుంది, నడుము ప్రతి తొక్కుకూ అటూ ఇటూ ఊగుతుంటుంది, మోకాలు పైకి రాగానే బయటికి తిరిగి మళ్ళీ లోపలికి వస్తుంటుంది. మోకాలు అలా తిరగడాన్ని చాలామంది తమ పాత అలవాటు అనుకుంటారు కానీ, చాలా సందర్భాల్లో అది చోటు చాలక శరీరం వెతుక్కున్న పక్కదారి.

ఇప్పుడు 172.5 మిల్లీమీటర్ల క్రాంక్ తీసి 165 మిల్లీమీటర్లది వేశామనుకుందాం. పెడల్ పైకొచ్చినప్పుడు 7.5 మిల్లీమీటర్లు కిందే ఆగుతుంది. అడుగున కాలు మునుపటిలాగే చాచుకోవాలి కాబట్టి సీటును కూడా 7.5 మిల్లీమీటర్లు పైకి లేపుతాం. ఈ రెండూ కలిస్తే తుంటికీ పై పెడల్‌కూ మధ్య 15 మిల్లీమీటర్ల చోటు కొత్తగా దొరుకుతుంది. ఆ చోటును ముందుభాగం ఇంకా దించుకోవడానికి వాడుకోవచ్చు, లేదా ఉన్న భంగిమలోనే ఊపిరి బాగా తీసుకోవడానికి వాడుకోవచ్చు. అయితే సీటు ఒక్కటే లేపి ప్యాడ్లను అక్కడే వదిలేస్తే ముందుభాగం మనకు తెలియకుండానే 7.5 మిల్లీమీటర్లు దిగినట్టవుతుంది. అందువల్ల మొదట ప్యాడ్లను కూడా అంతే లేపి, అలవాటు పడిన తర్వాత ప్యాడ్ల కింద ఎత్తు కోసం పెట్టిన స్పేసర్లు ఒక్కొక్కటిగా తీయడం మంచిది.

పొట్టి క్రాంక్ అనగానే, మీట పొడవు తగ్గితే బలం తగ్గదా అని అడుగుతారు. అదే గేరులో అదే వేగంతో వెళ్తే పాదం మీద సుమారు నాలుగున్నర శాతం ఎక్కువ బలం పడే మాట నిజమే. కానీ గేర్లు ఉన్నది అందుకే కదా. 172.5తో నిమిషానికి 90 సార్లు తిప్పే పాదం 165తో 94 సార్లు తిప్పితే పాదం కదిలే వేగం దాదాపు మారదు. పరిశోధకులు జిమ్ మార్టిన్, స్పిర్డూసో 2001లో ప్రచురించిన అధ్యయనంలో 120 నుంచి 220 మిల్లీమీటర్ల వరకు అయిదు పొడవులను పరీక్షించారు. ఆ రెండు కొసల మధ్య కూడా గరిష్ఠ శక్తిలో తేడా నాలుగు శాతం దగ్గరే ఆగింది. 145 నుంచి 195 మధ్య చెప్పుకోదగిన తేడాయే లేదు. అది కొన్ని క్షణాల గరిష్ఠ ప్రయత్నం మీద చేసిన పరీక్ష కాబట్టి, గంటసేపు తొక్కడానికి యథాతథంగా అన్వయించలేమని వాదించవచ్చు. ఆ వాదన న్యాయమైనదే. కానీ పొట్టి క్రాంక్‌తో శక్తి సగానికి పడిపోతుందన్నట్టు భయపెట్టేవారికి మాత్రం అందులో ఏ ఆధారమూ దొరకదు.

కాలం కూడా అటే నడిచింది. 1994లో మిగెల్ ఇందురైన్ 53.040 కిలోమీటర్లతో గంట రికార్డు (గంటలో ట్రాక్ మీద తొక్కిన అత్యధిక దూరం) నెలకొల్పినప్పుడు 190 మిల్లీమీటర్ల క్రాంక్‌లు వాడాడు. ఆయన ఎత్తు 188 సెంటీమీటర్లు. 2024 నాటికి 176 సెంటీమీటర్ల తాదెయ్ పొగాచార్ 165కు దిగాడు. ప్రపంచంలో అందరికంటే వేగంగా కొండలెక్కేవాడికి 165 చాలినప్పుడు, 168 సెంటీమీటర్ల మన మిత్రుడికి 172.5 ఎందుకో నాకు ఎవరూ చెప్పలేకపోయారు.

అసలు చిక్కు మన దగ్గర బైకులు అమ్మే తీరులో ఉంది. మనలో 170 సెంటీమీటర్లు దాటనివారు చాలామంది. వారికి వచ్చే ఫ్రేములకు 170 లేదా 172.5 బిగించి ఇస్తారు, మార్చి ఇవ్వమంటే ఆర్డరు పెట్టాలంటారు, ధర రెండోసారి చెల్లించమంటారు. ఒక దుకాణంలో 165 అడిగినందుకు, అవి ఆడవాళ్ళకూ పిల్లలకూ అని నవ్వి ఊరుకున్నారు. ఆడవాళ్ళకు మాత్రం సరైన పొడవు దొరుకుతోందా అంటే అదీ లేదు. 155 సెంటీమీటర్ల అమ్మాయికి కూడా 170 బిగించిన బైకులే కనిపిస్తాయి. ప్రస్తుతం షిమానో కంపెనీ 105 నుంచి డ్యూరా ఏస్ వరకు 12 స్పీడ్ (వెనక 12 గేర్ల) వరుసలన్నింటిలో 160 మిల్లీమీటర్లది దొరుకుతోంది కాబట్టి, తయారు చేయడం లేదన్న సాకు చెల్లదు. నన్నడిగితే 170 సెంటీమీటర్ల లోపు వారు టీటీ బైకుకు 165తో మొదలుపెట్టి 160 వైపు చూడాలి; 180 దాటినవారికి కూడా 170కు మించి అవసరం లేదు.

పవర్ మీటర్ (తొక్కే శక్తిని వాట్లలో కొలిచే పరికరం) ఉన్నవారికి ఇక్కడొక చిన్న హెచ్చరిక. పొడవు విషయంలో ఇంకా తేల్చుకోనివారు క్రాంక్ ఆర్మ్‌కు అతికించే మీటర్ కొనకపోవడమే మేలు, ఎందుకంటే ఆర్మ్ మార్చిన ప్రతిసారీ మీటర్ కూడా కొనాలి. పెడల్ మీటర్ అయితే ఏ క్రాంక్‌కైనా బిగించుకోవచ్చు. కానీ అది బలాన్ని కొలిచి, దాన్ని మనం సెట్టింగులో నమోదు చేసిన పొడవుతో గుణించి వాట్లు చూపిస్తుంది. 165 బిగించి సెట్టింగులో 172.5 అలాగే వదిలేస్తే 250 వాట్లు 261గా కనిపిస్తాయి. క్రాంక్ మార్చగానే పది వాట్లు పెరిగాయని పండగ చేసుకునేవారు ముందు ఆ సెట్టింగు చూసుకోవాలి.

ఇక పళ్ళ సంగతి. ఇటలీ రైడర్ ఫిలిప్పో గన్నా 2022 అక్టోబరులో గంటలో 56.792 కిలోమీటర్లు తొక్కినప్పుడు 65 పళ్ళ రింగు, వెనక చక్రానికి 14 పళ్ళ స్ప్రాకెట్ (చిన్న పళ్ళ చక్రం) వాడాడు. అప్పటి నుంచీ మన గ్రూపుల్లో 58, 60 అన్న అంకెలు తరచుగా వినిపిస్తున్నాయి. పెద్ద రింగు వేస్తే వేగం వస్తుందన్నది దీని వెనక ఉన్న నమ్మకం. 52 పళ్ళ రింగు, 11 పళ్ళ స్ప్రాకెట్‌తో, 25 మిల్లీమీటర్ల టైరు మీద, నిమిషానికి 90 సార్లు తిప్పితే బైకు గంటకు దాదాపు 54 కిలోమీటర్ల వేగంతో పోతుంది. చదునైన రోడ్డు మీద 38, 40 దగ్గర తొక్కే మనకు ఆ గేరే పల్లంలో తప్ప పనికి రాదు. దానికంటే పెద్దది ఎందుకు?

పెద్ద రింగుకు సరైన కారణం వేరే ఉంది. చైను ఎంత పెద్ద చక్రం మీద తిరిగితే దాని లింకులు అంత తక్కువగా వంగుతాయి, ఆ మేరకు రాపిడి తగ్గుతుంది. జాన్స్ హాప్‌కిన్స్ విశ్వవిద్యాలయంలో జరిపి 2001లో ప్రచురించిన పరీక్షల్లో చైను సామర్థ్యం 80.9 నుంచి 98.6 శాతం వరకు మారింది. అందులో స్ప్రాకెట్ పరిమాణానికీ చైను బిగువుకూ పెద్ద పాత్ర ఉందని తేలింది. పైగా 60 పళ్ళ రింగుతో గంటకు 40 కిలోమీటర్ల వేగం 17 పళ్ళ స్ప్రాకెట్ మీద వస్తుంది, అంటే చైను క్యాసెట్ (వెనక స్ప్రాకెట్ల గుత్తి) నడుమ దాదాపు సూటిగా నిలుస్తుంది. కాబట్టి ఒకే రింగు పెట్టుకుని, పూర్తిగా చదునైన దారిలో తొక్కేవారు 56 వేసుకుంటే నేను తప్పు పట్టను. 60తో ఎత్తు ఎక్కాల్సి వస్తే మాత్రం, వెనక 30 పళ్ళ మీద నిమిషానికి 60 సార్లు తిప్పినా గంటకు 15 కిలోమీటర్ల వేగం నిలపాలి. విశాఖ నుంచి భీమిలి వెళ్ళే బీచ్ రోడ్డు ఎత్తుపల్లాల మీద ఎదురుగాలికి అది ఎంత బాగుంటుందో తొక్కినవారికే తెలుస్తుంది.

నా దృష్టిలో రింగు కంటే క్యాసెట్ ముఖ్యం, దాని గురించి మాత్రం ఎవరూ మాట్లాడరు. షిమానో 12 స్పీడ్ 11–34 క్యాసెట్‌లో (11 నుంచి 34 పళ్ళ వరకు) 15 తర్వాత నేరుగా 17 వస్తుంది. 52 రింగుతో 90 కేడెన్స్ (నిమిషానికి తిప్పే సార్లు) దగ్గర 15 మీద 39.4 కిలోమీటర్ల వేగం, 17 మీద 34.8. సరిగ్గా మనం గంటసేపు ఉండాల్సిన చోట ఇంత పెద్ద అంతరం ఉంటే, ఒక గేరు బరువుగానూ మరొకటి తేలికగానూ అనిపించి కాళ్ళు కుదురుగా ఉండవు. 11–30లో 16 ఉంది, దాని మీద 36.9 వస్తుంది. రింగును నాలుగు పళ్ళు పెంచడం కంటే ఈ ఒక్క స్ప్రాకెట్ మన వేగాల దగ్గర ఎక్కువ ఉపకారం చేస్తుంది.

ఒక రింగా, రెండు రింగులా అన్నది దారిని బట్టి ఉంటుంది. హైదరాబాదు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన ఉన్న 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్ లాంటి చోట సాధన చేసి, చదునైన పోటీలకే వెళ్ళేవారికి ఒక రింగు హాయి: ముందు రింగుల మధ్య చైను మార్చే డిరైలర్ ఉండదు, గాలికి అడ్డం కొంచెం తగ్గుతుంది, సర్దుబాటు చేయాల్సింది ఒకటి తగ్గుతుంది. అయితే ఒక పన్ను సన్నగా, తర్వాతిది వెడల్పుగా ఉండే నారో వైడ్ రింగు, దానికి తోడు చైను ఊడకుండా ఆపే చైన్ క్యాచర్ తప్పనిసరి, ఎందుకంటే ఏరో బార్ల మీద వంగి ఉన్నప్పుడు గతుకులో చైను ఊడిపోతే దాన్ని తిరిగి ఎక్కించుకునే వీలు చాలా తక్కువ. ఒకే బైకుతో ట్రయాథ్లాన్లూ కొండదారులూ కూడా చేసేవారు 52/36 (52, 36 పళ్ళ రెండు రింగులు) తీసుకుని నిశ్చింతగా ఉండవచ్చు.

బాటమ్ బ్రాకెట్ (క్రాంక్ ఇరుసు తిరిగే బేరింగుల భాగం) విషయంలో చెప్పేది ఒక్కటే: ముందు ఫ్రేమ్ ఏ రకానిదో తెలుసుకోండి. షిమానో ఇరుసు 24 మిల్లీమీటర్లు, శ్రామ్ కంపెనీ డబ్ రకం ఇరుసు 28.99, మరికొన్నింటిది 30. బీబీ86 రకం ఫ్రేమ్ రంధ్రం 41 మిల్లీమీటర్లే కాబట్టి 30 ఇరుసు పెడితే బేరింగులకు చోటు చాలదు. మన దుమ్ముకూ వానకూ అవి త్వరగా అరుగుతాయి. ఇక కార్బన్ క్రాంక్‌తో తగ్గే కొన్ని పదుల గ్రాములు చదునైన టైమ్ ట్రయల్‌లో లెక్కలోకి రావు.

డబ్బు మిగుల్చుకోవడానికి సెకండ్ హ్యాండ్ కొనేవారు ఎక్కువ కాబట్టి ఇంకొక్క మాట. షిమానో 2019 జూలైకి ముందు తయారుచేసిన 11 స్పీడ్ అల్టెగ్రా, డ్యూరా ఏస్ హాలోటెక్ (లోపల బోలుగా ఉండే) క్రాంక్‌లలో, రెండు లోహపు ముక్కల అతుకు విడిపోయే ప్రమాదం ఉందని 2023 సెప్టెంబరులో ఉచిత తనిఖీ ప్రకటించింది. ఒక్క అమెరికా, కెనడాల్లోనే ఏడున్నర లక్షలకు పైగా క్రాంక్‌సెట్లు దీని కిందికి వచ్చాయి. విడిపోయిన సంఘటనలు 4,519 నమోదయ్యాయి. క్రాంక్ ఆర్మ్ వెనక వైపు, పెడల్ బిగించే చోట రెండక్షరాల కోడ్ ఉంటుంది. మొదటి అక్షరం సంవత్సరం, రెండోది నెల. అది కేఎఫ్ నుంచి ఆర్ఎఫ్ వరకు ఉంటే ఆ క్రాంక్ ఈ తనిఖీ పరిధిలోనిది. కొనేముందు ఆ అక్షరాలు స్పష్టంగా కనిపించేలా ఫొటో పంపమనండి, డీలరు దగ్గర తనిఖీ అయిందో లేదో అడగండి. సమాధానం దాటవేస్తే, ధర ఎంత తక్కువైనా ఆ క్రాంక్ జోలికి పోకండి.