‘మగపిల్లాడిలా పెంచాం’ అనే పొగడ్త

కూతురి గురించి గర్వంగా చెప్పుకునేటప్పుడు చాలామంది తల్లిదండ్రుల నోట ఒక మాట వస్తుంది: ‘మా అమ్మాయిని మగపిల్లాడిలా పెంచాం.’ బాగా చదివించాం, బండి నేర్పించాం, ఒంటరిగా ఊళ్లు తిరగనిచ్చాం అని దానర్థం. చెప్పేవాళ్ల మనసులో ఉన్నది ప్రేమే. వినేవాళ్లూ మెచ్చుకోలుగానే తలూపుతారు. అదే మాటను తిరగేసి చూడండి. ‘మా అబ్బాయిని ఆడపిల్లలా పెంచాం’ అని ఏ తండ్రయినా నలుగురిలో గొప్పగా చెప్పగా విన్నామా? చురుకైన పిల్లను ‘మగరాయుడు’ అంటే విసుగుతోపాటు కాస్త మురిపెం కూడా ఉంటుంది. నెమ్మదైన పిల్లాణ్ని ‘ఆడంగి’ అంటే అందులో వెక్కిరింత తప్ప ఇంకేమీ ఉండదు. ఆడపిల్ల ఇటు రావచ్చు, మగపిల్లాడు మాత్రం అటు పోకూడదు. సమాన పెంపకం గురించి ఇన్నేళ్లుగా మాట్లాడుకున్నాక మనం చేరుకున్న చోటు ఇదే.

తేడా చూపడం ఎప్పుడు మొదలవుతుందో తెలిస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1976లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు 9 నెలల పసిబిడ్డ వీడియోను 200 మందికి పైగా చూపించారు. పెట్టె మూత ఠక్కున తెరుచుకుని బొమ్మ పైకి లేస్తుంది, బిడ్డ ఉలిక్కిపడి ఏడుపు అందుకుంటుంది. చూసేవాళ్లలో కొందరికి ఆ బిడ్డ అబ్బాయని, మిగతావాళ్లకు అమ్మాయని చెప్పారు. అబ్బాయి అనుకున్నవాళ్లకు ఆ ఏడుపులో కోపం ఎక్కువగా కనిపించింది. అమ్మాయి అనుకున్నవాళ్లకు భయం కనిపించింది. బిడ్డ ఒక్కటే, ఏడుపూ ఒక్కటే. కోపమొచ్చిన బిడ్డకైతే బొమ్మను మళ్లీ అందిస్తాం. భయపడ్డ బిడ్డనైతే ఎత్తుకుని బొమ్మను దూరంగా పెట్టేస్తాం. ఇలాంటివి రోజుకు పదిసార్లు జరిగితే, ఏడాది తిరిగేసరికి ఇద్దరు వేర్వేరు పిల్లలు తయారవడంలో వింతేముంది?

మరో ప్రయోగం 2000లో వచ్చింది. పాకే వయసులో ఉన్న 11 నెలల పిల్లల తల్లులకు ఒక వాలు బల్ల చూపించి, మీ బిడ్డ ఎంత వాలు దాకా దిగగలదో చెప్పమన్నారు. కొడుకుల తల్లులు ఎక్కువ చెప్పారు, కూతుళ్ల తల్లులు తక్కువ చెప్పారు. పిల్లల్ని నిజంగా పాకించి చూస్తే ఆడ, మగ తేడా లేనే లేదు. ఆ తల్లులెవరూ కూతుళ్లను చిన్నచూపు చూసేవాళ్లు కారు. పడిపోతుందేమోనన్న దిగులు ఒకరి మీద ఎక్కువ, ఇంకొకరి మీద తక్కువ. అంతే.

‘పుట్టుకతో తేడాలే లేవా?’ అని అడిగేవాళ్లుంటారు. న్యాయమైన ప్రశ్నే. ఉన్నాయి. సగటున మగపిల్లల్లో శారీరక చురుకుదనం కాస్త ఎక్కువ, ఆడపిల్లలకు మాటలు కాస్త ముందు వస్తాయి. కొన్ని ఆటల మీద ఇష్టానికి పుట్టకముందు పనిచేసే హార్మోన్లతో సంబంధం ఉందని చెప్పే ఆధారాలూ ఉన్నాయి. వాటిని కాదనాల్సిన అవసరం లేదు. కానీ మనస్తత్వవేత్త జానెట్ హైడ్ 2005లో, అంతకుముందు జరిగిన ఎన్నో అధ్యయనాలను క్రోడీకరించిన 46 విశ్లేషణలను ముందు పెట్టుకుని చూస్తే, ఆడ, మగ తేడాల్లో 78 శాతం చాలా చిన్నవి లేదా సున్నాకు దగ్గరివని తేలింది. పైగా సగటు అనేది గుంపు లెక్క. మీ ఇంట్లో ఉన్నది గుంపు కాదు, ఒక పిల్లో పిల్లాడో. ఆ బిడ్డ ఎలాంటిదో తెలుసుకోవడానికి ఆ సగటు దాదాపు దేనికీ పనికిరాదు.

ప్రకృతి నియమాలని మనం అనుకునే కొన్ని నిన్న మొన్నటి అలవాట్లు. అమెరికా అధ్యక్షుడైన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ రెండున్నరేళ్ల వయసులో, 1884లో దిగిన ఫొటో ఒకటుంది. పొడవాటి జుట్టు, తెల్ల గౌను. ఆ కాలంలో అక్కడ మగపిల్లలకూ అదే మామూలు దుస్తులు. ఆ ఫొటో చూసి అప్పుడెవరూ నవ్వలేదు. గులాబీ రంగు పుట్టుకతోనే ఆడపిల్లలదని ఇవాళ బొమ్మల దుకాణాలు మనల్ని నమ్మిస్తున్నాయి.

ఇంటి పనుల దగ్గర అసలు సంగతి బయటపడుతుంది. 5 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు అదే వయసు మగపిల్లల కంటే 40 శాతం ఎక్కువ సమయం ఇంటి పనులకు వెచ్చిస్తున్నారని యునిసెఫ్ 2016లో ప్రపంచం మొత్తానికి లెక్క కట్టింది. ‘మగపిల్లాడిలా’ పెంచిన అమ్మాయి సాయంత్రం ఇంటికొచ్చాక ఆడపిల్లే అవుతుంది. ఆమెకు కొత్త అవకాశాలు వచ్చాయి కానీ పాత పనులు తగ్గలేదు. భాష చూడండి. కూతురు గిన్నెలు తోమితే అది ‘పని’, కొడుకు తోమితే ‘సాయం’. ‘పాపం, వాళ్లమ్మకు ఎంత సాయం చేస్తాడో’ అని వాణ్ని నాలుగిళ్ల వాళ్లు మెచ్చుకుంటారు. పని అనేది ఎవరిదో ముందే రాసి ఉంటేనే కదా, ఇంకొకరు చేసినప్పుడు అది సాయం అయ్యేది!

నోటితో చెప్పని పాఠాలే పిల్లలకు ముందు వంటబడతాయి. ‘సైన్స్’ పత్రికలో 2017లో వచ్చిన ఒక అధ్యయనం ప్రకారం, అయిదేళ్ల ఆడపిల్లలు మగపిల్లల్లాగే ‘చాలా చాలా తెలివైనవాళ్లు’ తమలో ఉన్నారనే నమ్ముతున్నారు. ఆరేళ్లు వచ్చేసరికి ఆ నమ్మకం సడలుతోంది. ‘బాగా తెలివైనవాళ్ల ఆట’ అని చెబితే ఆ వయసు ఆడపిల్లలు దాని మీద అంత ఆసక్తి చూపలేదు. ‘బాగా కష్టపడేవాళ్ల ఆట’ అంటే మాత్రం ఇద్దరికీ తేడా లేదు. ఆరేళ్లకే అమ్మాయికి కష్టం, అబ్బాయికి తెలివి అని పంచేశామన్నమాట.

ఇందులో మా వాటా కూడా ఉంది. పరీక్షా ఫలితాలు వచ్చిన ప్రతిసారీ ‘బాలికలదే పైచేయి’ అని శీర్షిక పెట్టే అలవాటు పత్రికలకు ఎప్పటి నుంచో ఉంది, మాకూ ఉంది. అందులో మెచ్చుకోలుతోపాటు ఏటా అదే ఆశ్చర్యం కూడా తొంగి చూస్తుంది. ఎందుకా ఆశ్చర్యం? ఈసారి ఆ శీర్షిక రాసే ముందు మేం ఆగి ఆలోచిస్తాం.

ఇక మగపిల్లల సంగతి. ‘మగపిల్లాడివి, ఏడుస్తావేంటి?’ అన్న మాట వినకుండా పెరిగిన మగవాడు అరుదు. అది ధైర్యం నేర్పడం అనుకుంటాం. వాడు నిజానికి నేర్చుకునేది నొప్పి దాచుకోవడం. కోపానికి మాత్రం అనుమతి ఉంటుంది కాబట్టి దిగులు, భయం, అవమానం అన్నీ కోపమై బయటికొస్తాయి. ప్రపంచవ్యాప్తంగా ఆత్మహత్యల రేటు ఆడవాళ్లలో కంటే మగవాళ్లలో రెండింతలకు పైగా ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. దానికి కారణాలు అనేకం, పెంపకం ఒక్కదాని మీదే నేరం మోపడం సరికాదు. అయినా, టెన్షన్ పట్టలేక ఇంకొకరి దగ్గర నోరు విప్పాల్సిన రోజున, ఆ మాట ఎలా మొదలుపెట్టాలో కూడా తెలియని మగవాళ్లు మన చుట్టూ ఎంతమంది ఉన్నారో అందరికీ తెలుసు. ఆడపిల్లల చుట్టూ ఉన్న గోడలో కొన్ని ఇటుకలైనా ఊడాయి. మగపిల్లల చుట్టూ గోడ ఉందనే మనం ఒప్పుకోలేదు.

కొన్ని దేశాలు నిబంధనల దాకా వెళ్లాయి. ఆడ, మగ తీరుల మీద పాతుకుపోయిన భావనలను ప్రశ్నించాలని స్వీడన్ 1998లోనే చిన్నపిల్లల బడుల ప్రణాళికలో రాసుకుంది. పిల్లాడికి డైపర్ మార్చడం రాని తండ్రిని, కారు పార్కింగ్ చేతకాని తల్లిని చూపించి నవ్వించే తరహా ప్రకటనలకు బ్రిటన్ 2019 జూన్‌లో అడ్డుకట్ట వేసింది. పాఠ్యపుస్తకాల్లో బొమ్మలు మార్చడం, పనుల పంపకాన్ని బడిలోనే సరిచేయడం ఏ ప్రభుత్వానికైనా పెద్ద ఖర్చు కాదు. పుస్తకంలో డాక్టరు బొమ్మను ఆడమనిషిగా మార్చడం చాలాచోట్ల జరిగింది. పసిబిడ్డను జోకొడుతున్న తండ్రి బొమ్మ కోసం ఇంకా పేజీలు తిప్పాల్సి వస్తోంది.

బడిలో ఏదైనా వేడుక జరిగితే బెంచీలు మోయడానికి అబ్బాయిల్ని, అతిథులకు పూలగుత్తులు ఇవ్వడానికి అమ్మాయిల్ని పిలుస్తారు. ఎవరూ ఆలోచించి చేసే పని కాదది. ఈసారి బెంచీకి ఒక వైపు అమ్మాయిని పట్టుకోమనండి, పూలగుత్తి ఒక అబ్బాయి చేతికివ్వండి. మొదట నవ్వేది పిల్లలు కాదు, ముందు వరసలో కూర్చున్న పెద్దలు.