తీపి తగిలేదాకా గడియారం చూడటమే

ముక్కు కడుక్కోవడానికి నేతిపాత్ర (నేతి అంటే ముక్కులో ఉప్పునీళ్ళు పోసి కడుక్కోవడం, దానికి వాడే కొమ్ముచెంబు) మేలా, స్ప్రే మేలా అని మీ వ్యాసంలో బాగానే రాశారు గానీ, మేలని ఎలా తేల్చారో చెప్పలేదు. 'హాయిగా ఉంది' అంటే అది కొలత కాదు కదండీ.

డాక్టర్లు వాడేది స్నాట్-22 అనే ప్రశ్నల పట్టిక. ముక్కు దిబ్బడ, చీమిడి, నిద్ర పట్టకపోవడం లాంటి 22 బాధలకు 0 నుంచి 5 దాకా మార్కులు వేసుకోవాలి. మొత్తం 110. సుమారు 9 మార్కులైనా తగ్గితేనే తేడా వచ్చినట్టు లెక్క. నేను నేతి మొదలుపెట్టిన రోజు 41, ఆరు వారాలకు 27. అయితే ఈలోపు చలికాలం కూడా వెళ్ళిపోయింది, ఆ పుణ్యం ఎవరిదో!

నాకు నచ్చింది శాకరిన్ (చక్కెర బదులు వాడే తీపి పదార్థం) పరీక్ష. ముక్కు లోపల కింది మడత మీద దాని చిన్న పలుకు పెడతారు. తుమ్మకుండా, చీదకుండా కూర్చోవాలి. లోపలి సన్నటి నూగు దాన్ని గొంతులోకి నెట్టేదాకా టైమ్ చూస్తారు. ముక్కు బాగుంటే సుమారు 20 నిమిషాల్లోపే తీపి తెలుస్తుంది. నాకు మొదటిసారి అరగంట దాటింది.

ఇంకో చిక్కు. మందుబిళ్ళకైతే ఉత్తుత్తి బిళ్ళ ఇచ్చి పోల్చొచ్చు. ముక్కులో పావులీటరు ఉప్పునీళ్ళు పోసి, పోయలేదని ఎవరిని నమ్మిస్తాం?

అన్నట్టు, కాచి చల్లార్చిన నీళ్ళే వాడాలని ఒక్క ముక్కైనా రాయాల్సింది. 2011లో అమెరికాలోని లూసియానాలో కుళాయి నీళ్ళతో నేతి చేసిన ఇద్దరు మెదడు తినే అమీబా సోకి చనిపోయారు.