కొళాయి చివర పరీక్ష ఏదీ?

కొళాయి నీటిలో కాస్త క్లోరిన్ వాసన తగిలితే నీళ్లు శుభ్రంగా ఉన్నాయన్న భరోసా విశాఖ ఇళ్లలో ఏనాటి నుంచో ఉంది. అది చాలామేరకు సబబైనదే గానీ సంపూర్ణం కాదు. తాగునీటికి వర్తించే భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 (2012) 100 మిల్లీలీటర్ల నీటిలో ఈ-కోలి (మలం కలిసిందని చెప్పే పేగు బ్యాక్టీరియా) ఒక్కటైనా కనిపించరాదంటుంది, లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలంటుంది, సీసం 0.01 మిల్లీగ్రాములు దాటరాదంటుంది. నీటిలో మిగిలిన బ్యాక్టీరియా ఏ యాంటీబయాటిక్ మందుకు లొంగుతుంది, దేనికి లొంగదు అన్నది మాత్రం అడగదు.

అడగవలసిన అవసరం నాలుగు దశాబ్దాల కిందటే తెలిసింది. అమెరికాలోని ఆరెగన్ తీరంలో ఒక ఊరి నీటి సరఫరాను పరిశీలించిన శాస్త్రవేత్తలు, రాగి, సీసం, జింకులను బాగా తట్టుకునే బ్యాక్టీరియాలో పలు యాంటీబయాటిక్‌లకు లొంగని గుణం కూడా ఎక్కువగా ఉందని 1984లో వెల్లడించారు. ఈ జోడు గుణం కనిపించింది పంపిణీ గొట్టాల్లోని నీటిలో. శుద్ధికి ముందటి నీటిలో కాదు. లోహాన్ని తట్టుకునే జన్యువూ మందును తట్టుకునే జన్యువూ తరచు ఒకే ప్లాస్మిడ్ (ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి చేరగల చిన్న డీఎన్ఏ వలయం) మీద ఉంటాయి. మందు కాలక్రమంలో విచ్ఛిన్నమవుతుంది గానీ లోహం కాదు గనుక, యాంటీబయాటిక్ చుక్కైనా లేనిచోట సైతం లోహమే మొండి బ్యాక్టీరియాను ఏరి పెంచగలదు. జింకు పూత గొట్టాలూ ఇత్తడి కొళాయిలూ లేని వీధి మన నగరంలో ఏది? (రాత్రి రాగి చెంబులో నీళ్లు పోసుకునేవారు కంగారుపడనక్కర్లేదు, మేము చెబుతున్నది ఏళ్ల తరబడి గొట్టాల లోపల పేరుకునే బ్యాక్టీరియా జిగురు పొర గురించి.)

రైవాడ, తాటిపూడి జలాశయాల నుంచి, ఏలేరు కాలువ నుంచి దూరం నడిచి వచ్చే నీరు, కాలనీలు చుట్టుముట్టిన మేఘాద్రిగెడ్డ జలాశయం నీరు నగరంలో గంటల లెక్కన వదులుతారు. సరఫరా ఆగి గొట్టంలో ఒత్తిడి పడిపోయినప్పుడు పక్కనే మురుగు కాలువ ఉంటే, చిన్న పగులు చాలు, ఆ మురుగు లోపలికి చేరడానికి. ఇళ్లవాళ్లు గొట్టానికే మోటారు బిగిస్తే ఆ పీల్పు ఇంకా పెరుగుతుంది. 2011లో ప్రచురితమైన అధ్యయనం ఢిల్లీలో 50 కొళాయి నమూనాలకు గాను రెండింటిలో ఎన్‌డీఎం-1 అనే, శక్తివంతమైన యాంటీబయాటిక్‌లను సైతం పనిచేయనివ్వని జన్యువును గుర్తించింది. విశాఖ పరిస్థితి అదేనని మేము అనడం లేదు. వెతకనిది దొరకదని మాత్రం అంటున్నాం.

నీటిని తెర్లించి చల్లార్చి తాగితే మొండి బ్యాక్టీరియా కూడా చస్తుంది, లోహం మాత్రం పోదు. ఆరోగ్యవంతులకు ముప్పు స్వల్పమే. పసికందులు, డయాలిసిస్ రోగులు, శస్త్రచికిత్స చేయించుకున్నవారి విషయం వేరు.

మందుల కర్మాగారాల వ్యర్థజలాల్లో యాంటీబయాటిక్‌లకు పరిమితులు విధిస్తూ 2020 జనవరిలో ముసాయిదా ప్రకటించిన కేంద్రం, 2021లో తుది ప్రకటన నుంచి వాటిని తొలగించింది. పరవాడ ఫార్మాసిటీ ఉన్న ఈ ప్రాంతం ఆ వెనుకడుగును పట్టించుకోకుండా ఉండజాలదు. పరిమితులను పునరుద్ధరించాలని రాష్ట్రం కేంద్రాన్ని గట్టిగా అడగాలి. ఈలోగా మహానగర పాలక సంస్థ, ఆంధ్ర వైద్య కళాశాల సూక్ష్మజీవశాస్త్ర విభాగాన్నీ ఆంధ్ర విశ్వవిద్యాలయాన్నీ కలుపుకొని, వానలకు ముందూ తర్వాతా, జలాశయం దగ్గరా గొట్టం చిట్టచివరి ఇంటి దగ్గరా నమూనాలు తీసి, లోహాలనూ మందులకు లొంగని బ్యాక్టీరియానూ ఒకేసారి పరీక్షించి, ఫలితాలను వార్డుల వారీగా ప్రకటించాలి. మొదటి విడత పాత నగరపు ఇరుకు వీధుల నుంచి మొదలుకావాలి.