పదమూడు నెలల తర్వాత నా వీపు ఫోటో

ఆదివారం పొద్దున ఇడ్లీ రెండో వాయి దించుతుండగా నా ఫోన్‌కి ప్రభుత్వం వారి మెసేజ్ వచ్చింది. నేను హెల్మెట్ లేకుండా స్కూటర్ నడిపానట. నేరం జరిగింది పదమూడు నెలల కిందట. కట్టాల్సింది 235 రూపాయలు, అందులో 200 నేరానికి, 35 యూజర్ చార్జీలకి. ఇందులో యూజర్ ఎవరు, వాడుకున్నది ఎవర్ని అని మాత్రం నన్నడక్కండి.

హెల్మెట్ పెట్టుకోకపోవడం తప్పే. ముందే ఒప్పేసుకుంటున్నా, లేకపోతే కింద కామెంట్లలో ఎవరో ఒకరు వచ్చి రోడ్డు భద్రత మీద క్లాసు పీకుతారు. నా పేచీ తప్పుతో కాదు, తారీఖుతో.

లింకు నొక్కితే ఫోటో వచ్చింది. వెనక నుంచి తీశారు. ఒక నీలం గళ్ల చొక్కా, దాని మీద ఒక తల, హ్యాండిల్‌కి ఒక సంచి. నంబర్ ప్లేటు మాత్రం పెళ్లి ఆల్బంలో పెళ్లికూతురంత స్పష్టంగా ఉంది. ఆ స్కూటర్‌ని మా ఇంట్లో నలుగురు నడిపేవాళ్లు. నేను, మా అబ్బాయి, ఉద్యోగం వెతుక్కుంటూ మా ఇంట్లో ఆరు నెలలున్న బావమరిది, "అంకుల్, ఐదే నిమిషాలు" అని తాళం పట్టుకుపోయే పైవాటా కుర్రాడు. దేవుడి దయవల్ల నలుగురికీ వీపులున్నాయి.

కాబట్టి హాల్లో విచారణ మొదలైంది. మా ఆవిడ ముందు చొక్కాని గుర్తుపట్టింది. "ఇది మీదేనండీ, మీ పుట్టినరోజుకి నేనే కొన్నా." సరే, చొక్కా నాదే, లోపల మనిషి ఎవరు? బావమరిదికి వీడియో కాల్ చేశాం. "బావా, ఆ చొక్కా నేనూ తొడుక్కునేవాణ్ణి, కాదనను, కానీ ఆ తల నాది కాదు, అప్పటికి నాకింకా వెనకాల జుట్టుంది" అని ఫోన్ తిప్పి నెత్తి చూపించాడు. మా అబ్బాయి సంచిని జూమ్ చేసి, "నాన్నా, ఇవి కాకరకాయలు, ఈ ఇంట్లో కాకరకాయలు కొనేది నువ్వొక్కడివే" అని తేల్చేశాడు. నేను దాదాపు ఒప్పుకోబోతుంటే మా అత్తగారు ఆపారు. లోపలికెళ్లి పోయినేడు పంచాంగం తెచ్చి, కళ్లజోడు పెట్టుకుని, తారీఖు మీద వేలుపెట్టి, "ఆరోజు ఏకాదశి బాబూ, ఇంట్లో పొయ్యే వెలిగించలేదు, ఇంక కూరగాయలెందుకు తెస్తారు" అన్నారు. ఇంతటి సాక్ష్యం సుప్రీంకోర్టులో కూడా నిలబడుతుంది. పైవాటా కుర్రాడు ఇల్లు ఖాళీ చేసి పుణె వెళ్లిపోయాడు కాబట్టి, న్యాయంగా నేరం వాడిదే అని ఏకగ్రీవంగా తీర్మానించాం.

చివరగా చొక్కా తెచ్చి కాలర్ సైజు చూద్దామని నేనన్నాను. మా ఆవిడ నేల చూపులు చూసింది. ఆ చొక్కాని, ఇంకో మూడు చొక్కాల్ని, ఒక పాత చీరని పాతబట్టలవాడికి వేసి స్టీలు గిన్నె తీసుకున్నారట. గిన్నె తెచ్చి టీపాయ్ మీద పెట్టారు. కాసేపు అందరం దాని వంక చూశాం. ప్రభుత్వం వారి దగ్గర ఫోటో ఉంది, మా దగ్గర గిన్నె ఉంది.

ఇంత కథ నడవకూడదనే కదండీ గడువు పెట్టింది. 2021 ఆగస్టులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోకి 167ఏ అని ఒకటి తెచ్చారు. కెమెరాతో పట్టుకున్న నేరానికి 15 రోజుల్లోగా నోటీసు పంపాలని అందులో రాశారు. కెమెరాలున్న దారిలో ముందే బోర్డు పెట్టాలని, ఆ యంత్రాలకు ఏటేటా సర్టిఫికెట్ తెచ్చుకోవాలని కూడా ఉంది. ఎంత చక్కటి నిబంధనో! ఒక్కటే మర్చిపోయారు, 15 రోజులు దాటితే ఏమవుతుందో రాయలేదు. ఏమీ అవదు. మనకి మాత్రం కరెంటు బిల్లు ఒక్కరోజు ఆలస్యమైతే ఏమవుతుందో బిల్లు వెనకాలే ఉంటుంది.

మా పెదనాన్న కొడుకు ఇంగ్లండ్‌లో ఉంటాడు. అక్కడ 1988 నాటి చట్టం ప్రకారం స్పీడులాంటి నేరాలకు బండి ఎవరి పేరున ఉందో వాళ్లకి 14 రోజుల్లోగా నోటీసు చేరాలి. అక్కడికక్కడే పోలీసు చెప్పినా, యాక్సిడెంట్ అయినా లెక్క వేరు, లేదంటే గడువు దాటాక ఆ నేరానికి శిక్ష వేయడానికి లేదు. కెమెరా మెరిసిన రోజు నుంచి మావాడు క్యాలెండర్ మీద ఇంటూ మార్కులు పెట్టుకుంటాడట. పోస్ట్‌మన్‌ని చూస్తే టెన్షన్, పదిహేనో రోజు బిర్యానీ. ఆ టెన్షన్ సర్కారుకి కూడా ఉంటుంది కాబట్టి నోటీసు టైముకి బయల్దేరుతుంది. ఇక్కడ టెన్షనంతా మనకే.

అలాంటి గడువు మనకీ లేదా అంటే ఉంది. జరిమానా ఒక్కటే శిక్షగా ఉన్న నేరాన్ని ఆరు నెలలు దాటాక కోర్టు విచారణకు తీసుకోకూడదని క్రిమినల్ కేసులు ఎలా నడపాలో చెప్పే పాత చట్టం సీఆర్‌పీసీ 468వ సెక్షన్లో ఉండేది, దాని బదులు 2024 జూలైలో వచ్చిన బీఎన్ఎస్ఎస్ 514లోనూ ఉంది. సరైన కారణం చూపిస్తే కోర్టు మన్నించవచ్చు, అది వేరే సంగతి. కానీ అసలు కోర్టు దాకా వెళ్తే కదా ఆరు నెలల లెక్క! సిగ్నల్ దగ్గర బండి పక్కకి తీయించి, ట్యాబ్‌లో నంబర్ కొట్టి, గుళ్లో గోత్రనామాలు చదివినట్టు పాత చలానాలన్నీ వరసగా చదివితే, వెనకాల హారన్లు మోగుతుంటే, 468 గురించి వాదించే మగాడెవడు?

కట్టకుండా పోగేసుకున్నవాళ్లకి మళ్లీ సేల్! 2022 మార్చిలో తెలంగాణలో టూవీలర్లకి 75 శాతం తగ్గింపు ఇచ్చారు. 2023 డిసెంబరులో 80 శాతం. ఆఖరి తేదీ జనవరి 10 అన్నారు, తర్వాత 31 అన్నారు, ఆ తర్వాత ఫిబ్రవరి 15 అన్నారు, ఆషాఢం సేల్ బ్యానరు శ్రావణంలో కూడా వేలాడినట్టు. తోపుడు బండ్లకైతే 90 శాతం. తోపుడు బండికి చలానా ఏమిటని నవ్వకండి, అరటిపళ్లు అమ్ముకునేవాడు రోడ్డుకి అడ్డమైతే ప్రమాదం కదా, పదిమంది అరటిపళ్లు కొనేస్తారు. ఆ రోజుల్లో వారంలోపు బుద్ధిగా పూర్తి సొమ్ము కట్టినవాడిని ఏమనాలో మీరే చెప్పండి, నేను ఆ జాతివాణ్ణే.

మా వీధి చివర ఇస్త్రీ బండి ఆయన కొడుకు ఫుడ్ డెలివరీ చేస్తాడు. వాడికి తొమ్మిది చలానాలు ఒకేసారి బయటపడ్డాయి. తొమ్మిదీ ఒకటే నేరం, బండికి సైడ్ అద్దం లేదు. ఒక్కోటి 135, మొత్తం 1215 రూపాయలు. మొదటి నోటీసు మొదటి వారంలో వచ్చుంటే వాడు రెండు వందలు పెట్టి అద్దం కొనుక్కునేవాడు కదయ్యా! వాడికి ఎవడూ చెప్పలేదు. చెట్టు చాటున నిలబడి ఫోటో తీసినవాడు ముందుకొచ్చి "ఒరేయ్, అద్దం పెట్టించుకో" అనలేదు, మళ్లీ వారం మళ్లీ ఫోటో తీసుకున్నాడు. పక్కన లారీ వస్తే కనపడక వాడు దాని కిందపడి చచ్చిపోయుంటే, తద్దినం నాటికి వచ్చేవి ఆ తొమ్మిదీ, యూజర్ చార్జీలతో సహా. దీన్నా మీరు రోడ్డు భద్రత అనేది? సిగ్గుండాలి. బండి పక్కన పెట్టించి అక్కడికక్కడ కట్టమంటే, ఆరోజు సంపాదన పోగా ఇంకా అప్పుచేసి కట్టాడు. అద్దం కొనడానికి మాత్రం డబ్బు మిగల్లేదు.

సరే, నా 235 నేను కట్టేశాను. కట్టిన నాలుగో సెకనుకి ఫోన్ టింగుమంది. రసీదు. పేరు, బండి నంబరు, టైము, అన్నీ సెకన్లతో సహా కరెక్టుగా ఉన్నాయి.

పుణె కుర్రాడికి స్క్రీన్‌షాట్ పంపాను, బ్లూ టిక్ వచ్చింది, జవాబు రాలేదు. మా అత్తగారు మాత్రం ఆ గిన్నెలో పెరుగు తోడుపెట్టడం మానేశారు. కేసు తేలేదాకా ముట్టుకోకూడదట.