మడకు నీరు పారాలి

తీరంలో ఉప్పునీటి పోటుపాట్ల నడుమ పెరిగే మడ అడవుల పెంపకానికి, పునరుద్ధరణకు కేంద్ర ప్రభుత్వం 2023 జూన్ 5న మిష్టి పథకాన్ని ప్రారంభించింది. తొమ్మిది రాష్ట్రాలు, నాలుగు కేంద్రపాలిత ప్రాంతాల్లో కలిపి ఐదేళ్లలో 540 చదరపు కిలోమీటర్లు దాని లక్ష్యం. అదే ఏడాది అటవీ స్థితి నివేదిక ప్రకారం దేశం మొత్తంమీద మడ విస్తీర్ణం స్వల్పంగా తగ్గగా, ఆంధ్రప్రదేశ్‌లో 13 చదరపు కిలోమీటర్లు పెరిగి 421కి చేరింది. ఇది సంతోషించదగిన సంగతే. అయితే ఉపగ్రహం చూసేది పైనున్న పచ్చదనాన్ని. వాతావరణానికి మడ చేసే మేలులో పెద్ద వంతు ఆ పచ్చదనం కింది బురదలో ఉంది.

రోజూ పోటుకు మునిగి పాటుకు తేలే ఆ ఒండ్రులోకి ఆక్సిజన్ అంతగా చొరబడదు. అందువల్ల రాలిన ఆకు, చచ్చిన వేరు, నది మోసుకొచ్చిన చెత్తాచెదారం త్వరగా కుళ్లిపోకుండా పొరలు పొరలుగా పేరుకుని వందల ఏళ్లు నిలిచిపోతాయి. హిందూ, పసిఫిక్ మహాసముద్ర తీరాల మడ అడవులపై 2011లో వెలువడిన ఒక అధ్యయనం హెక్టారుకు సగటున వెయ్యి టన్నులకు పైగా కర్బనం ఉందని, అందులో అధికభాగం నేలలోనిదేనని తేల్చింది. రొయ్యల చెరువు కోసమో, లేఅవుట్ కోసమో పొక్లెయిన్ దిగి ఆ నేలను తిరగేస్తే తరతరాలుగా దాగిన కర్బనం గాలిలో కలుస్తుంది. బదులుగా మరోచోట మొక్కలు నాటామంటే ఆ నష్టం ఇప్పట్లో పూడదు. కాబట్టి ఉన్న అడవిని కాపాడటమే మొదటి పని, నాటడం ఆ తర్వాతి మాట అని మేం భావిస్తున్నాం.

నాటడంలోనైనా మొక్కకన్నా ముందు నీటిని చూడాలి. మడను నరికిన చోట నేల ఎండకు ఆరి కుంగుతుంది. పోటుకు వచ్చిన నీరు పాటుకు వెనక్కి పోలేక అక్కడే నిలిచి ఆవిరవుతుంది. ఉప్పు పేరుకుని నేల చౌడుబారుతుంది. అలాంటి నేలలో ఎన్ని మొక్కలు పాతినా బతకవు. కృష్ణా, గోదావరి డెల్టాల్లో అటవీశాఖ, ఎం.ఎస్.స్వామినాథన్ పరిశోధన సంస్థ, తీర గ్రామాల ప్రజలు కలిసి దీనికి విరుగుడు చేసి చూపారు. సముద్రపు పాయకు కలిసేలా ఒక పెద్ద కాలువ, దానికి రెండు వైపులా చేప ముల్లు ఆకారంలో పిల్ల కాలువలు తవ్వి, పోటు నీరు వచ్చి పోయే దారి కల్పించి, వాటి గట్ల వాలుల్లో మొక్కలు నాటారు. నీరు కదిలితే ఉప్పు తగ్గుతుంది, మడ నిలదొక్కుకుంటుంది. కానీ ఈ కాలువలు ఒండ్రుతో పూడిపోతాయి, పూడిక తీస్తూ ఉండాలి. నాటిన ఏడాది నిధులిచ్చి ఆ తర్వాత మరచిపోయే పద్ధతిలో పూడికకు డబ్బు ఎక్కడిది?

చెప్పడానికి బాధగా ఉన్నా, చట్టానికి లోటు లేదు. 2019 తీరప్రాంత నియంత్రణ నోటిఫికేషన్ మడ అడవులకు అత్యున్నత రక్షణ ఇచ్చింది. వెయ్యి చదరపు మీటర్లు మించిన మడ చుట్టూ 50 మీటర్ల మేర కూడా అదే రక్షణ వర్తిస్తుంది. అయినా కాకినాడ శివార్లలో ఇళ్ల స్థలాల కోసం మడ నేలను చదును చేయడంపై వివాదం జాతీయ హరిత ట్రిబ్యునల్ దాకా వెళ్లింది. పేదలకు ఇళ్లు అవసరమే. కానీ తుపాను ఉప్పెనకు ముందుగా మునిగేదీ పేదల ఇళ్లే. 1977 నవంబరులో దివిసీమ చూసిన ఉప్పెనను తలచుకుంటే ఉప్పెనకు అడ్డుగోడగా నిలిచే మడను తొలగించే సాహసం ఎవరూ చేయకూడదు.

2023లో కార్బన్ క్రెడిట్ల, అంటే గాలిలో చేరకుండా ఆపిన కర్బనానికి లెక్కగట్టి అమ్ముకునే పత్రాల, వ్యాపార పథకాన్ని కేంద్రం నోటిఫై చేసింది. మడ పేరుతో క్రెడిట్లు అమ్మేనాటికి ఆ సొమ్ములో పీతలు, రొయ్యలు పట్టి బతికే మత్స్యకార కుటుంబాల వాటా ఎంతో ముందే రాతపూర్వకంగా తేలాలి. రాష్ట్ర అటవీశాఖ ప్రతి పునరుద్ధరణ స్థలానికి మూడో ఏట, ఐదో ఏట బతికి ఉన్న మొక్కల సంఖ్యను, కాలువల పూడికతీతకు పెట్టిన ఖర్చును, నేలలోని కర్బనం కొలతను గ్రామాలవారీగా బహిరంగపరచాలి. మిష్టి నిధుల తదుపరి విడత ఆ వివరాలు వచ్చాకే విడుదల కావాలి.